రాణిగారి మేడలో కామ్రేడ్ల విడిది

మన దగ్గర విడిది అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మగపెళ్ళివారు దిగిన ఇంట్లో మంచాలు సరిపోయాయా, వేణ్ణీళ్ళు కాగాయా, కాఫీ టైముకి వచ్చిందా అన్న పంచాయతీ పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి కూడా తెగదు. అందుకే విడిది ఇచ్చేవాళ్ళు అప్పు చేసైనా పట్టు పరుపులు వేయిస్తారు. వచ్చినవాళ్ళు హాయిగా పడుకోవాలన్నది ఎంత ముఖ్యమో, తిరిగి వెళ్ళి నలుగురిలో మన గురించి ఏం చెబుతారన్నదీ అంతే ముఖ్యం.

1960లలో తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిగ్గా ఈ టెన్షన్‌తోనే ఒక రాణిగారి పాత మేడని బాగుచేయించి, కొత్త సామాను పెట్టించి, విదేశీ అతిథుల కోసం సిద్ధం చేసింది. ఆ మేడ పేరు షోన్‌హౌజెన్. బెర్లిన్ ఉత్తరాన పాంకో అనే పేటలో ఉంది. ఇందిరా గాంధీ, ఫిడెల్ కాస్ట్రో, గడాఫీ, గోర్బచేవ్ ఈ మేడకి అతిథులుగా వచ్చినవాళ్ళే.

ఇందులో చిక్కుముడి ఏమిటంటే, తనది కార్మికుల, కర్షకుల రాజ్యమని చెప్పుకున్న ప్రభుత్వం ఇది. రాజులన్నా జమీందార్లన్నా గిట్టదు. 1950లో ఈ ప్రభుత్వమే బెర్లిన్ నడిబొడ్డున ఉన్న అసలు రాజప్రాసాదాన్ని డైనమైట్ పెట్టి పేల్చేసింది. యుద్ధంలో బాంబులు పడి కాలిపోయినా గోడలు చాలావరకు నిలిచే ఉన్న కట్టడం అది. సెప్టెంబర్‌లో మొదలుపెట్టి సంవత్సరం చివరికల్లా నేలమట్టం చేశారు. ఆ జాగాలో కవాతుల కోసం పెద్ద మైదానం వచ్చింది. మరి అదే చేత్తో ఇంకో రాజభవనానికి పట్టు పరదాలు ఎందుకు కట్టినట్టు?

దీన్ని 'పైకి విప్లవం, లోపల విలాసం' అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. చాలామంది అలాగే తేల్చారు. నాకు మాత్రం ఆ జవాబు సగమే అనిపిస్తుంది. ముందు ఈ మేడ ఎవరిదో చూడాలి.

భర్త గుమ్మం తొక్కని ఇల్లు

1660లలో ఒక దొరసాని డచ్చి పద్ధతిలో ఇక్కడ చిన్న బంగ్లా కట్టించుకుంది. 1691లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడు ఫ్రెడరిక్ దాన్ని కొన్నాడు. ఇతనే పదేళ్ళ తర్వాత ప్రష్యా అనే జర్మన్ రాజ్యానికి మొదటి రాజయ్యాడు. బంగ్లా పెరిగి మేడయింది. కానీ దీని అసలు చరిత్ర 1740లో మొదలైంది. ఆ ఏడాది గద్దెనెక్కిన రెండో ఫ్రెడరిక్, చరిత్ర పుస్తకాల్లో ఫ్రెడరిక్ ది గ్రేట్ అని చదువుకున్న ఆయనే, ఈ మేడని భార్య ఎలిజబెత్ క్రిస్టీన్‌కి ఇచ్చాడు. ఇచ్చాడనడం మర్యాద కోసం. తండ్రి బలవంతాన చేసుకున్న పెళ్ళి, ఆమె మొహం చూడటం ఆయనకి ఇష్టం లేదు. తాను ముచ్చటపడి పోట్స్‌డామ్‌లో కట్టుకున్న సాన్సూసీ మేడకి ఆమెని రానివ్వలేదు. ఏడేళ్ళ యుద్ధం ముగించుకుని వచ్చి భార్యని చూసి, 'అమ్మగారు కాస్త ఒళ్ళు చేశారు' అన్నాడట. అంతకు మించి ఒక్క మాట లేదని చెప్పుకుంటారు.

ఆమె మాత్రం దశాబ్దాల పాటు ఎండాకాలాలు ఇక్కడే గడిపింది. 1760లో రష్యన్ సైనికులు మేడని దోచుకుంటే, యుద్ధం అయ్యాక బాగుచేయించి ఇంకా పెంచింది. రెండు వైపుల నుంచి ఎక్కే గొప్ప మెట్లు, తీగలూ పువ్వులూ అల్లుకున్నట్టు సున్నపు పనితనంతో మెరిసే విందు గది అప్పటివే. ప్రష్యాలో విదేశీ రాయబారులని మర్యాదగా పలకరించే పని చాలావరకు ఈ రాణిదే. రాజుకి ఆ ఓపిక లేదు. అంటే కమ్యూనిస్టులు రావడానికి రెండు వందల ఏళ్ళ ముందు నుంచే ఈ ఇల్లు అతిథి మర్యాదలకి అలవాటు పడింది.

ఆమె తర్వాత మేడకి పెద్ద గిరాకీ లేదు, చాలా కాలం గోడౌన్‌లా వాడారు. నాజీల కాలంలో ఆ గోడౌన్ పని చేదు మలుపు తిరిగింది. 1937లో హిట్లర్ ప్రభుత్వం ఆధునిక చిత్రకళని 'దిగజారిన కళ' అని ముద్ర వేసి దేశంలోని మ్యూజియాల నుంచి వేల బొమ్మలు పీకించింది. వాటిలో విదేశాల్లో డబ్బు చేసుకోగలిగినవాటిని ఏరి ఈ మేడలో దాచారు. నలుగురు డీలర్లకి అమ్మకం పని అప్పగించారు. జర్మన్లు చూడకూడని బొమ్మల్ని విదేశీ కొనుగోలుదార్లు వచ్చి తీరిగ్గా ఎంచుకునేవారు.

కూల్చినదేది, ఉంచినదేది

1945 నాటికి బెర్లిన్‌లో చాలా భాగం రాళ్ళ కుప్ప. షోన్‌హౌజెన్ ఊరి అంచున ఉండటంతో పెద్దగా దెబ్బ తినలేదు. సోవియట్ ఆధీనంలోని భాగంలో ఉంది. పక్కనే సోవియట్ అధికారులూ, ఆ వెంటనే జర్మన్ కమ్యూనిస్టు నాయకులూ కాపురం పెట్టిన వీధులు. 1949లో తూర్పు జర్మనీ ఏర్పడి విల్హెల్మ్ పీక్ అధ్యక్షుడయ్యాక ఆయన ఆఫీసు ఇక్కడ పెట్టారు. వడ్రంగి పనిచేసి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి రాణిగారి గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు.

అసలు రాజప్రాసాదాన్ని పేల్చి దీన్ని ఉంచుకోవడం వెనక లెక్క ఇక్కడే కనబడుతుంది. నడిబొడ్డున ఉన్నది కైజర్ల, అంటే జర్మన్ చక్రవర్తుల, అధికార పీఠం. ఆ గోడలని చూస్తే సింహాసనమే గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు, భర్త పట్టించుకోని ఒక ఆడమనిషి వేసవి ఇల్లు. ఇక్కడి నుంచి ఎవడూ యుద్ధం ప్రకటించలేదు. మేడ హంగు ఉంది, రాజదర్పపు మరక పెద్దగా లేదు. సైజు కూడా మరీ పెద్దది కాదు కాబట్టి కాపలాకి సులువు. ఇదంతా ఎవరో కాగితం మీద పెట్టి నిర్ణయించారని అనను. మొదట్లో కేవలం పైకప్పు చెక్కుచెదరని ఇల్లు అనే తీసుకుని ఉంటారు. కానీ తర్వాత చేసినదంతా చూస్తే, ఈ సౌకర్యం వాళ్ళకి బాగానే అర్థమైనట్టుంది.

1960లో పీక్ చనిపోయాడు. అధ్యక్ష పదవినే రద్దుచేసి దాని స్థానంలో స్టేట్ కౌన్సిల్ అని పెట్టి, పార్టీ అధినేత వాల్టర్ ఉల్‌బ్రిష్ట్ దానికి చైర్మన్ అయ్యాడు. ఆ కౌన్సిల్ కొన్నాళ్ళు ఈ మేడలోనే నడిచి, 1964లో ఊరి మధ్య కట్టిన కొత్త భవనానికి మారింది. ఆ కొత్త భవనం ముఖద్వారం చూస్తే నవ్వొస్తుంది. 1950లో పేల్చేసిన రాజప్రాసాదపు గుమ్మాన్నే తెచ్చి ఆధునిక భవనానికి అతికించారు. 1918లో విప్లవ నాయకుడు కార్ల్ లీబ్‌క్నెష్ట్ ఆ గుమ్మం పైనున్న బాల్కనీలోంచి సోషలిస్టు రిపబ్లిక్ ప్రకటించాడని అది పవిత్రం. ఇల్లంతా కూల్చి గుమ్మం దాచుకోవడం! రాజుల సొత్తులో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆ ప్రభుత్వం చాలా జాగ్రత్తగా ఏరుకుంది. షోన్‌హౌజెన్ ఖాళీ అయింది, ఇక దాన్ని అతిథి గృహం చేయాలనుకున్నారు.

అతిథులు లేకుండానే పడక

ఆ పని 1964 తర్వాత రెండేళ్ళలో సాగింది. ఇక్కడొక విచిత్రం ఉంది. అప్పటికి తూర్పు జర్మనీని దేశంగా గుర్తించినవి సోవియట్ కూటమి దేశాలూ, చైనా, క్యూబా లాంటి మరికొన్నీ, అంతే. పశ్చిమ జర్మనీ 1955 నుంచి ఒక నియమం పెట్టుకుంది: తూర్పు జర్మనీతో దౌత్య సంబంధం పెట్టుకునే దేశంతో మేం తెంచుకుంటాం. 1957లో యుగొస్లావియాతో, 1963లో క్యూబాతో నిజంగానే తెంచుకుంది. పశ్చిమ జర్మనీ చేతిలో డబ్బుంది, సాయం ఉంది, ఫ్యాక్టరీలున్నాయి. కాబట్టి ఆసియా, ఆఫ్రికా దేశాలు అటూ ఇటూ చూసి ఊరుకునేవి. మనమూ అంతే. రూర్కెలా ఉక్కు కర్మాగారానికి పశ్చిమ జర్మనీ చేయి వేసింది. తూర్పు జర్మనీతో వ్యాపారం చేశాం గానీ రాయబారిని మాత్రం పంపలేదు.

పైగా పశ్చిమ జర్మనీ పత్రికలూ నాయకులూ తూర్పు ప్రభుత్వాన్ని ఆ పేరుతో కూడా పిలిచేవారు కాదు. వెటకారంగా 'పాంకో' అనేవారు. ఈ మేడ ఉన్న పేట పేరే. ఒక దేశాన్ని దాని రాజధానిలోని ఒక శివారు పేరుతో పిలవడం ఎంత చులకనో ఆలోచించండి.

ఈ నేపథ్యంలో చూస్తే ఆ పట్టు పరదాలు వేరేగా కనబడతాయి. ఒక దేశాధినేత వచ్చి రాత్రి పడుకున్నాడంటే ఆ దేశం ఉన్నట్టే. విమానాశ్రయంలో జెండా, రెండు జాతీయ గీతాలు, సైనిక వందనం, కారు వరస, చివరికి మేడలో విడిది. ఫొటోలు మర్నాడు పేపర్లో. దేశం అనిపించుకోవడానికి కావలసిన సామగ్రి జాబితాలో ఈ మేడ ఒక ఐటెం. హోటల్ గదిలో దింపితే ఆ ఫొటో రాదు.

మరి కొత్తగా ఒక గాజు భవనం కట్టొచ్చుగా? 1960లలో తూర్పు బెర్లిన్‌లో అలాంటివి కడుతూనే ఉన్నారు. కానీ కొత్త భవనం ఎంత బాగున్నా దాని వయసు దేశం వయసుకి మించదు. పదిహేనేళ్ళ దేశానికి మూడు వందల ఏళ్ళ ఇల్లు కావాలి. మేము నిన్న సోవియట్ ట్యాంకుల వెనక పుట్టినవాళ్ళం కాదు, ప్రష్యా సంస్కృతికి వారసులం అని నోరు విప్పకుండా చెప్పే ఇల్లు కావాలి.

గదుల్లో ఏం పెట్టారు

పని అంత తేలిక కాదు. పద్దెనిమిదో శతాబ్దపు మేడలో గదులు వరసగా ఒకదానిలోంచి ఒకటి తెరుచుకుంటాయి. రాణికి అది దర్జా, ఈ కాలపు దేశాధినేతకి ఇబ్బంది. ఆయనకి పడగ్గది, భార్యకి వేరే పడగ్గది, కూర్చుని మాట్లాడే సాలూన్, లోపలే బాత్‌రూమ్, టెలిఫోన్లు, చలికాలానికి హీటింగ్ కావాలి. రాణిగారు ఎండాకాలం మాత్రమే ఉండేది కాబట్టి ఇవేవీ ఆమెకి పట్టలేదు. అందుకని కొన్ని గదుల్ని విడిగా ఒక అపార్ట్‌మెంట్‌లా తీర్చారు. వెంట వచ్చే పరివారానికి ఆవరణలోనే వేరే భవనం కట్టారు.

సామాను విషయంలో మరీ ఆసక్తికరమైన నిర్ణయం తీసుకున్నారు. రాణి కాలపు కుర్చీలూ బల్లలూ చాలావరకు ఎప్పుడో చెదిరిపోయాయి. వాటి బదులు ఆ కాలపు తీరులో కొత్తగా చేసిన సామాను పెట్టారు. వంపు కాళ్ళ కుర్చీలు, మెరుగుపెట్టిన చెక్క, గోడలకి పట్టు గుడ్డ. దాన్ని ఆనుకుని బాత్‌రూమ్‌లోకి వెళితే 1960ల టైల్స్, ఆనాటి కుళాయిలు. ఒక అడుగు రాణి కాలంలో, ఇంకో అడుగు ప్రభుత్వ క్వార్టర్స్‌లో.

కళాప్రియులు దీన్ని చూసి పెదవి విరిచారు, నకిలీ అన్నారు. నకిలీయే. కానీ ఆ నకిలీలోనే ఆ ప్రభుత్వం మనసు కనబడుతుంది. నిజమైన పాత సామాను పెడితే అది ఏ రాజుదో, ఏ జమీందారు ఇంట్లోంచి జప్తు చేసిందో అన్న ప్రశ్న వస్తుంది. కొత్తగా చేయించిన రాజఠీవికి ఆ పేచీ లేదు. అది సొంత దేశపు కార్మికుడి చేతి పని. రాజు లేని రాజఠీవి అన్నమాట.

తోటనీ వదల్లేదు. 1950లలోనే రైన్‌హోల్డ్ లింగ్నర్ అనే తోటల శిల్పి మేడ చుట్టూ కొత్త తోట వేశాడు. దాని చుట్టూ గోడ, గేట్ల దగ్గర కాపలా గదులు. గోడకి అవతల పార్కులో పాంకో జనం పిల్లలతో షికారు చేసేవారు. లోపల ఎవరున్నారో వాళ్ళకి తెలిసేది మర్నాడు పేపర్లోనే. భద్రత చూసింది స్టాజీ, అంటే ఆ దేశపు రహస్య పోలీసు. ప్రముఖుల రక్షణకి అందులో ప్రత్యేక విభాగమే ఉండేది. అతిథిని ప్రజల నుంచి కాపాడటం, ప్రజలని అతిథి నుంచి దూరంగా ఉంచడం వాళ్ళకి ఒకటే పని. రాణిగారి మేడని విడిదికి ఎంచుకోవడంలో ఈ సౌకర్యం కూడా తక్కువది కాదు. ఊళ్ళో హోటల్‌లో దిగిన మనిషి కిటికీలోంచి సరుకుల కోసం జనం నిలబడ్డ క్యూలు చూస్తాడు.

ఇదే పని నాజీలు అంతకు ముందు చేశారు. 1938లో బెర్లిన్‌లోని బెల్‌వ్యూ మేడని పౌల్ బౌమ్‌గార్టెన్ అనే ఆర్కిటెక్ట్ చేత ప్రభుత్వ అతిథి గృహంగా మార్పించారు. సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ 1940 నవంబర్‌లో దిగింది అక్కడే. తర్వాత అది జర్మన్ రాష్ట్రపతి అధికారిక భవనమైంది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ పక్కనున్న క్లెస్‌హైమ్ మేడ కథ ఇంకా భయంకరం. 1944 మార్చి 18న హిట్లర్ హంగరీ పాలకుడు హోర్తిని అక్కడికి పిలిపించాడు. మీ దేశంలోకి మా సైన్యం వస్తోందని చెప్పాడు. హోర్తి కోపంతో వెళ్ళిపోతానంటే ఉత్తుత్తి సైరన్ మోగించి, బాంబు దాడి అని, ఫోన్ లైన్లు తెగిపోయాయని చెప్పి ఆపేశారు. రాత్రికి గానీ ఆయన రైలు కదల్లేదు. తెల్లవారేసరికి హంగరీ జర్మన్ల చేతిలో ఉంది. ఆ మేడ గేట్ల మీద నాజీలు పెట్టించిన రాతి గద్దలు ఇప్పటికీ ఉన్నాయి. లోపల మాత్రం క్యాసినో నడుస్తోంది.

షోన్‌హౌజెన్‌లో ఇలాంటి ఘోరం జరగలేదు. నాజీలకి విడిది బెదిరించడానికి కావాలి. తూర్పు జర్మనీకి మెప్పించడానికి కావాలి. రెండూ నియంతృత్వాలే గానీ ఒకటి బలం తలకెక్కినది, రెండోది గుర్తింపు కోసం వాచిపోయినది.

వరస కట్టిన అతిథులు

1969లో ఇరాక్, సిరియా, ఈజిప్టు లాంటి దేశాలు తూర్పు జర్మనీని గుర్తించడానికి ముందుకొచ్చాయి. 1972 జూన్‌లో కాస్ట్రో వచ్చాడు. ఆ పర్యటనలోనే ఒక మ్యాపు తీసి, క్యూబా దగ్గరి ఒక చిన్న దీవికి జర్మన్ కమ్యూనిస్టు నాయకుడు ఎర్నెస్ట్ థేల్మన్ పేరు పెడుతున్నామని, ఉల్‌బ్రిష్ట్ తర్వాత పార్టీ అధినేత అయిన హోనెకర్‌కి చూపించాడు. ఆ ఏడాది చివర రెండు జర్మనీలూ ఒప్పందం చేసుకోవడంతో గేట్లు తెరుచుకున్నాయి. భారతదేశం అంతకు కొంచెం ముందే, అక్టోబర్‌లో, గుర్తించింది. 1973లో ఐక్యరాజ్యసమితిలో సీటు. 1976 జూలైలో ఇందిరా గాంధీ వెళ్ళారు. అప్పుడు మన దగ్గర ఎమర్జెన్సీ. హోనెకర్ 1979 జనవరిలో తిరుగు ప్రయాణంగా ఢిల్లీ వచ్చాడు.

ఢిల్లీ అనగానే ఒకటి గుర్తొచ్చింది. మనమూ విదేశీ నేతలతో చర్చలకీ విందులకీ వాడేది ఏడో నిజాం కోసం ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ లట్యెన్స్ గీసిన హైదరాబాద్ హౌస్‌నే. రాజు పోయాక రాజు ఇంటిని అతిథుల కోసం వాడుకోవడం నియంతల సొంత అలవాటేమీ కాదు. తేడా ఎక్కడంటే, నిజాం మేడ గురించి ఇక్కడ ఎవరైనా పార్లమెంటులో ఖర్చు అడగొచ్చు, పేపర్లో వెక్కిరించొచ్చు. షోన్‌హౌజెన్ పరదాల బిల్లు గురించి అలా అడిగే స్వేచ్ఛ తూర్పు బెర్లిన్ పేపర్లకి లేదు.

1989 అక్టోబర్‌లో దేశం నలభయ్యో పుట్టినరోజు. గోర్బచేవ్ వచ్చాడు. 7వ తేదీన ఈ మేడలోనే పార్టీ పెద్దలతో కూర్చున్నాడు. వెనకబడితే జీవితం వెంటనే శిక్షిస్తుందన్న అర్థం వచ్చే మాట అక్కడ అన్నాడు. అదే తర్వాత నాలుగు రకాలుగా మారి ప్రపంచమంతా తిరిగింది. హోనెకర్ మాత్రం తన ప్రభుత్వం విజయాలే చెప్పుకుపోయాడు. పదకొండు రోజులకి పదవి పోయింది. ఇంకో మూడు వారాలకి బెర్లిన్ గోడా పోయింది.

ఆ డిసెంబర్ చివరి నుంచి ప్రభుత్వమూ, ప్రతిపక్షాలూ, చర్చి ప్రతినిధులూ కూర్చున్న రౌండ్ టేబుల్ చర్చలు ఈ ఆవరణలోని సమావేశ భవనంలోనే జరిగాయి. 1990 జూన్ 22న రెండు జర్మనీలు, అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రులు జర్మనీ ఏకీకరణ మీద రెండో విడత చర్చలకి ఇక్కడికే వచ్చారు. దేశంగా గుర్తించమని ఎవరి కోసమైతే అంత ముస్తాబు చేశారో వాళ్ళంతా చివరికి ఒక్కసారే వచ్చారు. వచ్చిన పని ఆ దేశాన్ని మూసేయడం.

ఏకీకరణ తర్వాత కూడా కొన్నాళ్ళు అతిథి గృహంగా వాడారు. 1991లో నెదర్లాండ్స్ రాణి బీట్రిక్స్ ఇక్కడ దిగింది, ఆఖరి అతిథి ఆమే. తర్వాత ప్రష్యా రాజభవనాల సంస్థ దీన్ని తీసుకుని కొన్నేళ్ళు మరమ్మతు చేసి 2009 డిసెంబర్‌లో మ్యూజియంగా తెరిచింది. రాణి కాలానికి తిరిగి తీసుకెళ్ళి, కమ్యూనిస్టుల కాలాన్ని చెరిపేయొచ్చు. అలా చేయలేదు. రాణిగారి గదులతో పాటు పీక్ ఆఫీసు గదినీ, అతిథుల అపార్ట్‌మెంట్‌నీ చూపిస్తున్నారు. నకిలీ వంపు కాళ్ళ కుర్చీలకీ, ఆ 1960ల బాత్‌రూమ్ టైల్స్‌కీ ఇప్పుడు వారసత్వ సంపద హోదా వచ్చింది. టికెట్ కొని చూడొచ్చు.